సిటీ ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి: ఫ్యూయల్ మ్యాప్ (ఇంజిన్‌కు పెట్రోల్ ఎంత పోయాలో చెప్పే పట్టిక) రిచ్ (పెట్రోల్ పాలు ఎక్కువ) చేయించాలా, ముందు ఇంకేమన్నా చూడాలా?

హంటర్‌రోడ్_400:

అన్నలందరికీ నమస్తే. బండి 400 సీసీ సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూలింగ్, 2023 జూన్ మోడల్. 21,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ నుంచి పొగ వచ్చే బెండు పైపు, పొగను శుద్ధి చేసే క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) కంపెనీవే. వెనక సైలెన్సర్ ఒక్కటే బయట కొని తొడిగించిన స్లిప్-ఆన్. ఎయిర్ ఫిల్టర్ కంపెనీదే, 3,000 కిలోమీటర్ల కింద మార్చిన.

కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా ఎంజీఎం ఆస్పత్రి దాకా సాయంత్రం పూట పోతే కూలెంట్ టెంపరేచర్ 106–108 చూపిస్తుంది. ఫ్యాన్ ఆగకుండ తిరుగుతనే ఉంటది, కుడి కాలు మాడిపోతుంది. హైదరాబాద్ రోడ్డు ఎక్కి 80లో పోతే మళ్లీ 90కి దిగుతుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర మిస్సింగ్ కొడుతుంది. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌ల టప్ టప్‌మని పేలుతుంది. వేడి మీద ఆపి పది నిమిషాలైనంక సెల్ఫ్ కొడితే ఐదారు సెకన్లకు గాని అందుకోదు.

ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ అంకెలు చదివేది) పెట్టి చూసిన. ఐడ్లింగ్‌ల లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్‌ను సర్దుకున్న లెక్క) +14 శాతం, 80 స్పీడ్‌ల +3. ఫ్యాన్ తిరిగేటప్పుడు ఐడ్లింగ్‌ల వోల్టేజ్ 13.0. ఎర్రర్ కోడ్ ఏమీ లేదు.

ట్యూనింగ్ చేసే ఒకాయన "బీఎస్6 బండ్లన్నీ లీన్‌గనే (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) నడుస్తయి, వేడి అందుకే. పిగ్గీబ్యాక్ (కంపెనీ కంప్యూటర్‌కు తగిలించే అదనపు డబ్బా) పెట్టి అంతటా 8 శాతం పెట్రోల్ పెంచుదాం, పొగల ఆక్సిజన్ చూసే ఓ2 సెన్సర్ పీకేద్దాం" అంటున్నడు. చేయించొచ్చా?

లాంబ్డా_వన్:

ఇప్పుడే డబ్బులు ఇవ్వకండి. సగం జవాబు మీ లాగ్‌లోనే ఉంది.

ట్రాఫిక్‌లో నడిచేటప్పుడు, అంటే ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ తక్కువ థ్రాటిల్‌లోనూ, మీ ఈసీయూ (బండి కంప్యూటర్) క్లోజ్డ్ లూప్‌లో, అంటే సెన్సర్ మాట విని పెట్రోల్ సర్దుకుంటూ ఉంటుంది. ఓ2 సెన్సర్ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటే, 0.45 దగ్గర గీత గీసుకుని పెట్రోల్‌ను కాస్త పెంచుతూ కాస్త తగ్గిస్తూ మిశ్రమాన్ని లాంబ్డా 1 (గాలి, పెట్రోల్ సరిగ్గా సరిపోయే పాళ్లు; 1కి తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్) దగ్గరే పట్టి ఉంచుతుంది. సెన్సర్ ఉన్నంతసేపు మీరు 8 శాతం కలిపితే అది ట్రిమ్ తగ్గించి ఆ 8 శాతాన్నీ వెనక్కి తీసేస్తుంది. కాబట్టి చౌరస్తాలో వచ్చే వేడికి మ్యాప్ మందు కాదు. ఆ మార్పు పనిచేయాలనే సెన్సర్ పీకేద్దాం అంటున్నాడాయన. పీకేస్తే మేలో పెట్టిన లెక్క డిసెంబరు తెల్లవారుజామున సరిపోకపోయినా చెప్పేవాడుండడు, చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఇక ట్రిమ్ సంగతి. ఐడ్లింగ్‌లో +14, క్రూజింగ్‌లో +3. ఈ ఆకారం చాలా చెబుతుంది. పెట్రోల్ పంపు నీరసపడినా, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయినా లెక్క తిరగబడి ఉండేది: ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, థ్రాటిల్ తెరిచేకొద్దీ ప్లస్ పెరిగేది. ఐడ్లింగ్‌లోనే ఎక్కువ ఉందంటే ఎక్కడో బయటి గాలి దూరుతోంది. ఇంజిన్ తక్కువ గాలి పీల్చేటప్పుడు చిన్న లీకు కూడా పెద్ద భాగం అవుతుంది, ఎక్కువ పీల్చేటప్పుడు అదే లీకు లెక్కలోకి రాదు.

దూరే చోట్లు రెండు. ఒకటి థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్. రెండోది, నాకు ఎక్కువ అనుమానం ఉన్నది, హెడ్ దగ్గర బెండు పైపు ప్యాకింగ్. సింగిల్ సిలిండర్‌లో ఎగ్జాస్ట్ పొగ దెబ్బ దెబ్బగా వస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి బయటికంటే తగ్గి, ప్యాకింగ్ సందులోంచి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి "లీన్" అంటుంది. ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. అంటే మీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో నిజానికి రిచ్‌గా నడుస్తూ ఉండొచ్చు. కాలని పెట్రోల్, లీకైన గాలి రెండూ కలిసి క్యాట్‌లోకి పోతే అక్కడ కాలతాయి. మీ కుడి కాలికి తగిలే వేడిలో కొంత అదే. దీని మీద ఇంకో 8 శాతం పోస్తే క్యాట్ ఇంకా కాగుతుంది.

పట్టుకోవడం ఇలా. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బెండు పైపు ఫ్లాంజ్ చుట్టూ సబ్బు నీళ్లు పూయండి. స్టార్ట్ చేసి, మందపాటి తడిబట్ట మడతపెట్టి సైలెన్సర్ మూతిని రెండు సెకన్లు సగం మూయమనండి. ఫ్లాంజ్ దగ్గర నురగ లేచినా, "చస్ చస్" వినిపించినా ప్యాకింగ్ పోయినట్టే. పైపు వేడెక్కితే ఇనుము సాగి చిన్న సందు మూసుకుపోతుంది, అందుకే మొదటి నిమిషంలోనే చూడాలి. ఫ్లాంజ్ అంచున విసనకర్రలాగా మసి చార ఉన్నా అదే గుర్తు.

రబ్బరు మ్యానిఫోల్డ్‌కి ఐడ్లింగ్‌లో చుట్టూ నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. ఆర్‌పీఎం కదిలితే అక్కడ లీకు. కొందరు బ్రేక్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి ఇంజిన్ మీద అది అంటుకుంటుంది, వద్దు.

పోచమ్మమైదాన్_షెడ్డు:

లాంబ్డా అన్న చెప్పింది ట్రిమ్ సంగతి. 106–108 సంగతి వేరే చూడాలె తమ్మీ. రెండు తప్పులు ఒక్క బండిల ఉండొచ్చు.

ముందు ఒక మాట. 106 అంటే భయపడేటంత కాదు. కూలెంట్, డీమినరలైజ్డ్ వాటర్ సగం సగం కలిపితే మామూలుగ 107 దగ్గర మరుగుతది. రేడియేటర్ మూత 1.1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాటేదాక మరగదు. అదే మూత రబ్బరు పగిలి ఒత్తిడి పట్టకపోతే? 107కే మరుగుడు షురూ, నీ మీటర్ చూపిస్తున్నది గదే. బుడగలు ఉన్నకాడ వేడి లోహం నుంచి కూలెంట్‌కు పోదు. గందుకని మూతే ముందు చూడు. ఇంజిన్ చల్లారినంకనే విప్పు, వేడి మీద విప్పితే మొఖం కాలుతది. లోపలి రబ్బరు వాచర్ గట్టిపడ్డదా, మధ్యల చిన్న వాల్వ్ వేలితో లాగితే వెనక్కి పోతున్నదా చూడు. రిజర్వాయర్ల కూలెంట్ వేడికి పెరిగి చల్లారినంక తగ్గాలె. పెరిగింది పెరిగినట్టే ఉంటే మూత వెనక్కి గుంజుకుంటలేదు.

తర్వాత ఫిన్స్, అంటే రేడియేటర్ల గాలి పోయే సన్న రేకులు. మన దిక్కు చలికాలం ఏనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండ్ల వెనక తిరిగితే దూది ఎగిరొచ్చి ఫిన్స్‌ల ఇరుక్కుంటది. ఎండకాలం యాసంగి వడ్ల తాలు, రోడ్డు దుమ్ము వచ్చి ఆ దూది మీద అంటుకుంటయి. పైనుంచి చూస్తే కనపడదు. ఫ్యాన్ కవర్ తీసి వెనక నుంచి టార్చ్ కొట్టు. వెలుతురు ముందటికి రాని జాగ ఎంత ఉంటే రేడియేటర్ అంత పనిచేస్తలేదన్నట్టు. పైపు నీళ్లు మెల్లగ వెనక నుంచి ముందటికి పోసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఫిన్ గీత వెంబడే గీకాలె, అడ్డంగ గీకొద్దు. వాటర్ సర్వీసింగ్ గన్ పెట్టినవంటే ఫిన్స్ వంగి మొత్తమే మూసుకుంటయి.

ఫ్యాన్ తిరుగుతుంది అన్నవు, ఎటు తిరుగుతుంది చూసినవా? వెనక ఉన్న ఫ్యాన్ ముందటి గాలిని ఇంజిన్ దిక్కు గుంజాలె. టిష్యూ పేపర్ ముక్క రేడియేటర్ ముందట పట్టు, అతుక్కోవాలె. ఎగిరిపోతే ఎవరో వైర్లు తిప్పి కలిపిన్రు. 13.0 వోల్టులు తక్కువే. 4,000 ఆర్‌పీఎం దగ్గర 13.8–14.5 వస్తున్నదా చూసి, రెగ్యులేటర్ కనెక్టర్, ఇంజిన్ ఎర్త్ బోల్టు పచ్చగ చిలుము పట్టినయా చూడు. వోల్టేజ్ తక్కువైతే ఫ్యాన్ నెమ్మదిస్తది, ఇంజెక్టర్ లేటుగ తెరుచుకుంటది.

కూలెంట్ రెండేండ్లు దాటితే దింపేయి. బోరు నీళ్లు అస్సలు కలపొద్దు, మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ, సన్న గొట్టాలల్ల పొలుసు కడుతది. రెడీమిక్స్ తెస్తే నీళ్లు కలపకు. వట్టి కాన్సన్‌ట్రేట్ పోస్తే ఇంకా మంచిగుంటదనుకుంటరు, ఉల్టా. సగం సగం కంటే అది వేడిని తక్కువ మోస్తది. పోసేటప్పుడు ముందటి చక్రం ఎత్తు మీద పెట్టి, మూత లేకుండ స్టార్ట్ చేసి, పైన హోస్ పైపు పిసుకుతుండు. బుడగలు వస్తయి. కింది పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు, అప్పుడు మట్టం మళ్లీ నింపి మూత పెట్టు. ఎయిర్ లాక్ మిగిలితే సెన్సర్ కాడ ఆవిరి చేరి మీటర్ ఎక్కి దిగుతుంటది.

21,000 తిరిగినంక వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ మీద ఉండాల్సిన సన్న సందు) కూడ చూపియ్యి. ఎగ్జాస్ట్ వాల్వ్ టైట్ అయితే సీటు మీద సరిగ కూసోదు, దాని వేడి హెడ్‌లకు దిగదు.

హంటర్‌రోడ్_400:

ఇంత వివరంగ చెప్పినందుకు థాంక్స్ అన్నా. ఆదివారం ఇవన్నీ చూస్త. రెండు డౌట్లు. వేడి మీద స్టార్ట్ కాకపోవడం కూడా వీటి వల్లనేనా? 95 ఆక్టేన్ పెట్రోల్ పోసి, ప్లగ్గు ఒక నంబర్ చల్లనిది వేస్తే వేడి తగ్గుతదా?

గోదావరిఖని_డేటాలాగ్:

రెండో ప్రశ్నకు ముందు జవాబు: తగ్గదు. ఇంజిన్ నాక్ (పెట్రోల్ అదుపు తప్పి కాలి టక్‌టక్‌మనడం) కొడుతుంటేనే ఎక్కువ ఆక్టేన్‌తో లాభం. ప్లగ్గు నంబర్ ప్లగ్గు కొన వేడిని మారుస్తుంది, సిలిండర్ వేడిని కాదు. కొన 450 డిగ్రీలైనా అందుకోకపోతే మసి కాలిపోక మిస్సింగ్ పెరుగుతుంది. సిటీలో తిరిగే బండికి కంపెనీ నంబరే ఉంచండి.

వేడి స్టార్ట్ సమస్య మీద ఒక చిన్న పరీక్ష. తాళం ఆన్ చేసి పంపు "జుయ్" అని ఆగేదాకా ఆగండి, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, ఆపిన తర్వాత లైనులో ప్రెషర్ నిలవడం లేదని అర్థం. ఇథనాల్ కలిసిన పెట్రోల్ త్వరగా ఆవిరవుతుంది, వేడి ఇంజిన్ పక్కన ఉన్న పైపులో ప్రెషర్ పడిపోతే అక్కడ ఆవిరి చేరుతుంది. గేజ్ పెట్టి చూడండి. చాలా బండ్లలో 3 నుంచి 3.5 బార్ మధ్య ఉంటుంది, మీ మాన్యువల్ అంకె ప్రకారం పోల్చండి. ఆపిన ఐదు నిమిషాల్లో సగానికి పడితే పంపులోని చెక్ వాల్వ్ గానీ ఇంజెక్టర్ గానీ కారుతోంది. నడిచేటప్పుడు ప్రెషర్ 10 శాతం తగ్గినా ఇంజెక్టర్ ప్రవాహం 5 శాతమే తగ్గుతుంది, ఎందుకంటే అది ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఆ ఐదు శాతాన్ని ట్రిమ్ సర్దేస్తుంది కాబట్టి గేజ్ లేకుండా పంపు బాగుందని అనుకోవద్దు.

లీకులన్నీ పోయాక కూడా ట్యూనింగ్ చేయించాలనిపిస్తే, లాంబ్డా అంకెను కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా చేసేవాడి దగ్గరికి పోకండి. కంపెనీ సెన్సర్ లాంబ్డా 1కి అటా ఇటా అన్నదే చెప్పగలదు, 0.88కీ 0.82కీ తేడా దానికి తెలియదు. అంకెలు ఏఎఫ్ఆర్‌లో (గాలి, పెట్రోల్ నిష్పత్తిలో) కాకుండా లాంబ్డాలో అడగండి. వట్టి పెట్రోల్‌కు సరైన నిష్పత్తి 14.7, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5. వైడ్‌బ్యాండ్ గేజ్ మాత్రం ఏ పెట్రోల్ పోసినా లాంబ్డా 1ని 14.7గానే రాస్తుంది. పాత లెక్కల్లో రిచ్ అని అర్థమిచ్చే 13.5 తెచ్చి ఈ20 బండికి అన్వయిస్తే అక్కడే తికమక మొదలవుతుంది.

ఐడ్లింగ్, క్రూజింగ్ ముట్టుకోవద్దు, అవి ఈసీయూ చూసుకుంటుంది. సగం థ్రాటిల్ దాటాక ఓపెన్ లూప్ (సెన్సర్ మాట వినకుండా మ్యాప్ ప్రకారమే నడవడం) మొదలయ్యే చోట లాంబ్డా 0.92–0.95, ఫుల్ థ్రాటిల్‌లో 0.86–0.89 వస్తే చాలు. మ్యాప్‌లో ఒక్కో గడిలో ఒకసారికి 2–3 శాతమే మార్చాలి, మార్చాక మళ్లీ లాగ్ చూడాలి. 25 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి 6 శాతం పలచన. దాన్ని ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్ సర్దుతుంది. బండి ఎండలో నిలబడి ఆ సెన్సర్ కాగి ఉన్నప్పుడు రాసుకున్న అంకెలు పనికిరావు, పది నిమిషాలు నడిపాకే లాగ్ మొదలుపెట్టాలి. ఫుల్ థ్రాటిల్ పని డైనో (బండిని ఒకచోట కట్టి నడిపి కొలిచే యంత్రం) మీదే చేయించండి, రోడ్డు మీద వద్దు.

అవసరానికి మించి రిచ్ చేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంది, మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. రింగులు అరిగేది అక్కడే.

హంటర్‌రోడ్_400:

చూసిన. బెండు పైపు ఫ్లాంజ్ కింది అంచున మసి చార ఉంది, సబ్బు నీళ్లు పూస్తే నురగ వచ్చింది. ప్యాకింగ్ కొత్తది వేసిన. రేడియేటర్ కింది మూడో వంతు దూది, తాలుతో మూసుకుపోయి ఉంది. మూత రబ్బరు పగిలింది, అదీ మార్చి కూలెంట్ కొత్తది పోసిన. టిష్యూ పేపర్ ముందటికే అతుక్కుంది. ఎర్త్ బోల్టు గీకి బిగించినంక ఐడ్లింగ్‌ల 13.6 వస్తుంది.

ఇప్పుడు అదే రూట్‌ల అదే టైముకు 97–101 మధ్య, ఫ్యాన్ పడుతూ ఆగుతూ ఉంది. మిస్సింగ్ పోయింది. ఐడ్లింగ్ ట్రిమ్ మాత్రం +9 చూపిస్తుంది. టప్ టప్ కొంచెం మిగిలింది. తాళం రెండుసార్లు ఆన్ చేస్తే వేడి మీద వెంటనే స్టార్ట్ అవుతుంది.

లాంబ్డా_వన్:

+9 పాత జ్ఞాపకం అయి ఉంటుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్ మెల్లగా నేర్చుకుంటుంది, కొన్ని ఈసీయూల్లో బ్యాటరీ తీసినా చెరగదు. స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయించండి, లేదంటే ఐడ్లింగ్, మధ్య వేగం, థ్రాటిల్ వదలడం అన్నీ కలిసేలా కొన్ని రోజులు నడపండి. ప్లస్ మైనస్ 5 లోపలికి వస్తే వదిలేయొచ్చు. రాకపోతే రబ్బరు మ్యానిఫోల్డ్ క్లాంపు మళ్లీ చూడండి.

మిగిలిన టప్ టప్ స్లిప్-ఆన్ జాయింట్ దగ్గర గాలి దూరడం వల్ల. జాయింట్‌కి హై టెంపరేచర్ సీలెంట్ పల్చగా పూసి, రాత్రంతా ఆరనిచ్చి క్లాంపు బిగించండి. ఆ జాయింట్ సెన్సర్ తర్వాత ఉంది కాబట్టి మిశ్రమానికి నష్టం లేదు.

తాళం రెండుసార్లు తిప్పితే స్టార్ట్ అవుతోందంటే ప్రెషర్ నిలవడం లేదు. గేజ్ పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

పోచమ్మమైదాన్_షెడ్డు:

ప్యాకింగ్ కొత్తది గదా, రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారినంక ఫ్లాంజ్ నట్లు ఒకసారి చూడు. నలిగే రకం ప్యాకింగ్ మొదటి వేడికి ఇంకొంచెం దిగుతది. రెండు నట్లూ మార్చి మార్చి, సగం చుట్టు చుట్టే, మాన్యువల్ల రాసిన టార్క్ వరకే. ఒక్క దిక్కే బిగించినవంటే ఫ్లాంజ్ ఒరుగుతది, స్టడ్డు హెడ్‌లనే విరుగుతది.