ఒంటరి తల్లికి సాయం: డబ్బు ఆమె చేతికే ఇవ్వాలా, అవసరాలు మనమే తీర్చాలా?

తూనీగ:
పది మందిమి కలిసి నెలనెలా కొంత పోగేసి ఒక కుటుంబానికి అండగా ఉండాలనుకున్నాం. భర్త వదిలేసి వెళ్లాక ఇద్దరు పిల్లల్ని ఒక్కతే సాకుతున్న తల్లి ఆమె. సాయం చేయాలన్న దాంట్లో అందరిదీ ఒకటే మాట. ఎలా చేయాలన్న దగ్గరే రెండుగా చీలిపోయాం. ఏడాదిపాటు ఆమె ఖాతాలో డబ్బు వేసేద్దాం, దేనికి వాడుకోవాలో ఆమెకే బాగా తెలుసు అని సగం మంది. ఫీజు బడికే కడదాం, సరుకులు మనమే కొనిద్దాం, చేతికిస్తే డబ్బు నిలవదు అని మిగతా సగం. నేను డబ్బు వైపే ఉన్నాను. కానీ అవతలివాళ్ల ప్రశ్నలకు గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం:
నేను రెండో వైపు. ఆమె మీద అనుమానంతో కాదు. మీ దగ్గరున్నది కొద్ది డబ్బు, అది ఎక్కడ పెడితే పిల్లలకు ఎక్కువ పనికొస్తుందన్నదే నా ఆలోచన. అమెరికాలో 2018లో బేబీస్ ఫస్ట్ ఇయర్స్ అనే పెద్ద పరిశీలన మొదలైంది. తక్కువ ఆదాయం ఉన్న 1,000 మంది బాలింతలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నెలకు 333 డాలర్లు, రెండో గుంపుకు 20 డాలర్లు ఇచ్చారు. షరతులేమీ లేవు. పిల్లలకు నాలుగేళ్లు వచ్చాక పరీక్షిస్తే మాటల్లో, ఎదుగుదలలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తల్లుల మానసిక ఒత్తిడి కూడా తగ్గినట్టు తేలలేదు. డబ్బుతో బతుకు మారిపోతుందనేవాళ్లు దీనికేమంటారు?

ఇద్దరమ్మాయిల అమ్మ:
నేను చెబుతాను. ఆ పరిశీలన తప్పని అనేంత చదువు నాకు లేదు. కానీ ఒంటరి తల్లి చేతికి డబ్బు రావడమంటే ఏమిటో తెలుసు. ఒక సంస్థ నాకు 18 నెలలపాటు నెలనెలా కొంత మొత్తం వేసింది.

మొదటి నెల డబ్బు అప్పులకే పోయింది. రెండో నెల డబ్బు ముట్టుకోలేదు. ఎవరో పొరపాటున వేశారేమో, వెనక్కి అడుగుతారేమో అని భయం. మూడో నెలలో సాయంత్రం పూట చేసే రెండో ఉద్యోగం మానేశాను. దీన్నే చాలామంది 'డబ్బొచ్చేసరికి పని మానేసింది' అంటారు. ఆ పని చేసినన్నాళ్లూ తొమ్మిదేళ్ల నా పెద్దది చిన్నదాన్ని నిద్రపుచ్చేది. నేను చీకటి పడకముందే ఇంటికి రావడం మొదలుపెట్టాక కూడా కొన్ని వారాలు చిన్నది నిద్రొస్తే అక్క దగ్గరికే వెళ్లేది. నేను పక్కన కూర్చునే ఉండేదాన్ని. ఒక రాత్రి తనంతట తానే వచ్చి నా ఒళ్లో పడుకుంది. పెద్దది అది చూసి, పుస్తకం తెచ్చుకుని నా రెండో పక్కన కూర్చుంది. మీ పరీక్షలో దీనికి మార్కులు ఉండకపోవచ్చు.

అంతకుముందు వస్తువుల రూపంలో కూడా సాయం అందుకున్నాను. ఇచ్చినవాళ్లు మంచివాళ్లే, వాళ్లను తప్పు పట్టను. పెద్దదానికి స్కూల్ బ్యాగ్ ఇచ్చారు. దాని బ్యాగ్ బాగానే ఉంది, కావాల్సింది కళ్లజోడు. బోర్డు మీద రాసింది కనబడక వెనకబడుతోంది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. బ్యాగ్ పట్టుకోమని ఫోటో తీశారు. ఆ ఫోటో దాని క్లాసులో పిల్లలు చూశారు. ఆ బ్యాగ్ అది ఒక్కరోజు కూడా వేసుకోలేదు.

పొద్దుతిరుగుడు:
అమ్మా, ఆ బ్యాగ్ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఇలాంటి కుటుంబాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మేమూ అలాంటి ఫోటోలు తీశాం. ఇప్పుడు తీయడం లేదు.

లెక్కలపుస్తకం గారూ, ఆ పరిశీలన మధ్యలోనే కరోనా వచ్చింది. ప్రభుత్వ సాయం రెండు గుంపులకూ అందింది. తేడా కనబడకపోవడానికి అదొక కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. అయినా మీ మాటలో బలం ఉంది. డబ్బుతో పిల్లల తెలివి పెరుగుతుందని మాట ఇచ్చి సాయం అడిగితే రేపు మనకే చెడ్డపేరు. నేను అడిగేది ఒకటే. ఒక తల్లి అద్దె వేళకు కట్టగలిగితే, అప్పిచ్చినవాడి ఫోన్‌కు భయపడకుండా ఉంటే అది చాలదా? దానికి పిల్లల మార్కులు సాక్ష్యం చెప్పాలా?

వేపచెట్టు:
నా భయం వేరే. ఆమె చేతికొచ్చిన డబ్బు ఆమె దగ్గర ఉండనిస్తారా? వదిలేసి పోయినవాడు తిరిగొస్తాడు, అన్నదమ్ములు అడుగుతారు. మా అక్క విషయంలో అదే జరిగింది. సరుకులైతే ఎవరూ లాక్కోరు కదా.

పొద్దుతిరుగుడు:
ఈ భయం నిజమే. మేము మూడు పనులు చేస్తాం. ఖాతా ఆమె ఒక్కరి పేరు మీదే ఉండాలి. మెసేజ్‌లు ఆమె ఫోన్‌కే రావాలి. ఎంత వేస్తున్నామో ఆమె చెప్పమంటే తప్ప మేం ఎవరికీ చెప్పం.

డబ్బు ఎవరి చేతికన్న గొడవ పాతదే. బ్రిటన్‌లో 1945లో పిల్లల భత్యం చట్టం తెస్తున్నప్పుడు మొదట తండ్రికి ఇస్తామన్నారు. ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలు గట్టిగా పోరాడాక తల్లికే ఇచ్చేలా మార్చారు. తర్వాత 1970ల చివర్లో, తండ్రి జీతంలో పన్ను మినహాయింపుగా ఉన్న భాగాన్ని కూడా తీసేసి తల్లికి నేరుగా ఇచ్చారు. ఆ మార్పు తర్వాత పురుషుల బట్టలతో పోల్చితే ఆడవాళ్ల, పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగిందని 1997లో ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. ఇక, డబ్బిస్తే తాగుడుకు తగలేస్తారని కొందరు అంటుంటారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో అనేక దేశాల పరిశీలనలన్నీ ఒకచోట చేర్చి చూశారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు కనబడలేదు.

లెక్కలపుస్తకం:
తాగుడు మాట నేను అననే లేదు. పని సంగతి అంటాను. అమెరికాలోనే 1,000 మందికి మూడేళ్లపాటు నెలకు 1,000 డాలర్లు ఇచ్చి చూసిన మరో పరిశీలన ఫలితాలు 2024లో వచ్చాయి. డబ్బు అందుకున్నవాళ్లు వారానికి సగటున 1.3 గంటలు తక్కువ పనిచేశారు. ఇంకో వైపు స్టాక్‌టన్ నగరంలో 2019 ఫిబ్రవరి నుంచి 125 మందికి నెలకు 500 డాలర్లు ఇస్తే, ఏడాదిలో వాళ్లలో పూర్తికాలం ఉద్యోగం ఉన్నవాళ్లు 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. డబ్బు అందనివాళ్లలో 32 నుంచి 37కే పెరిగారు. ఇది మీకు అనుకూలమైన లెక్కే, దాచను. కానీ కరోనా వచ్చాక ఆ మేలు తగ్గిపోయింది. అంటే డబ్బు ఒక్కటే మోయలేదు.

ఇద్దరమ్మాయిల అమ్మ:
వారానికి 1.3 గంటలు. పిల్లకు జ్వరమొస్తే ఒక పూట సెలవు పెట్టడానికి కూడా చాలవండి.

డబ్బు ఒక్కటే మోయలేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. మంచి జీతంతో రాత్రి షిఫ్టు పని దొరికింది. చేతిలో డబ్బుంది. కానీ రాత్రిపూట పిల్లల్ని చూసుకునే చోటు ఎక్కడా లేదు. లేనిదాన్ని డబ్బుతో ఎలా కొంటాను? ఆ ఉద్యోగం వదులుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధే. అలాంటి చోటు ఎవరైనా పెడతామంటే, డబ్బులో సగం దానికే ఇమ్మని నేనే అంటాను.

లెక్కలపుస్తకం:
నా మాట కూడా అక్కడే ఉందమ్మా. బడి ఫీజు గురించి నా పట్టు వదులుకుంటాను, అది ఆమె కట్టుకోగలదు. సేవల మాట మాత్రం వదలను. ఇంకొకటి. డబ్బు ఆగిపోయాక ఏమవుతుంది? అమెరికా ప్రభుత్వం 2021 జూలై నుంచి డిసెంబరు వరకు ఒక్కో బిడ్డకు నెలకు 250 నుంచి 300 డాలర్లు వేసింది. ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. ఆ సాయం ఆపేశాక, 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. ఒక ఏడాది ఇచ్చి ఆపేస్తే మీరు ఆ తల్లికి చేసేదేమిటి?

వేపచెట్టు:
ఈ లెక్క చూస్తే డబ్బు పనిచేసిందనే అనిపిస్తోంది నాకు. ఆపడమే తప్పు.

ఇద్దరమ్మాయిల అమ్మ:
ఆగిపోయినప్పుడు కష్టమైంది, అబద్ధమాడను. కానీ ఏ నెలలో ఆగుతుందో మొదటి రోజే చెప్పారు. పన్నెండో నెల నుంచి కొంచెం కొంచెం పక్కన పెట్టాను. పగటిపూట పనికి పనికొచ్చే ఒక చిన్న కోర్సు చేశాను. ఆగే నాటికి ఆ పనిలో చేరి రెండు నెలలైంది. ఇప్పుడు కూడా నెలాఖరుకు ఇబ్బందే. అయితే అప్పట్లా ఎవడేమన్నా తలవంచుకుని పడను. కిందటేడాది ఇంటి యజమాని అర్ధరాత్రి తలుపు కొట్టి అద్దె అడిగితే, పొద్దున రమ్మని తలుపేసుకున్నాను. డబ్బు రాకముందైతే ఆ మాట నా నోట్లోంచి వచ్చేది కాదు.

పొద్దుతిరుగుడు:
తూనీగ గారూ, డబ్బు వేసే ముందు తప్పకుండా ఒకటి కనుక్కోండి. ఆమెకు ఇప్పటికే ప్రభుత్వ సాయం ఏదైనా అందుతుంటే, మీరు వేసేదాన్ని ఆదాయం కింద లెక్కగట్టి దాన్ని కోసేస్తారేమో. మా అనుభవంలో ఒకామెకు మేమిచ్చినదానికన్నా పోయింది ఎక్కువ. ఆ తప్పు మాదే.

తూనీగ:
అది మాకు తట్టనే లేదు. రేపు ఆమెను కలుస్తున్నాం. డబ్బే ఇద్దామని మావాళ్లను ఒప్పించగలనన్న ధైర్యం వచ్చింది. అమ్మా, ఆమెను ఇంకేం అడగమంటారు?

ఇద్దరమ్మాయిల అమ్మ:
దేనికి ఖర్చు పెడతావని అడగొద్దు. అద్దె ఏ తారీఖున కట్టాలో అడగండి. దానికి రెండు రోజుల ముందు వేయండి, ప్రతి నెలా అదే తారీఖున.