పాపసంకీర్తనంలో ఒకటి చెప్పలేదు, మళ్లీ మొదటినుంచీనా?

రాత్రి_షిఫ్ట్: సాయంత్రం నుంచి వెతుకుతున్నా, ఒక్కొక్కరిది ఒక్కో మాట. నిన్న చర్చిలో పాపసంకీర్తనం చేశాను (ఫాదర్‌గారి ముందు పాపాలు ఒప్పుకోవడం), పాపవిమోచనం (క్షమాపణ) ఇచ్చారు. ఒక చావైన పాపం (ఘోర పాపం) మాత్రం చెప్పలేదు. మొత్తం మళ్లీ చెప్పాలా? రేపు పూజలో సత్ప్రసాదం (ఫాదర్‌గారు ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోవచ్చా? అవునో కాదో చెప్పండి చాలు.

కోయిర్_గిటార్: మర్చిపోయారా, దాచారా?

పాత_ఉపదేశి: ఆత్మశోధన లేకుండా వెళ్తే ఇంతే. పది ఆజ్ఞలు, శ్రీసభ (కతోలిక సంఘం) కట్టడలు ముందు పెట్టుకుని చూసుకోవాలి. శ్రీసభ చట్టమైన కానన్ చట్టం 988 ప్రకారం చావైన పాపాలకు రకమూ చెప్పాలి, లెక్కా చెప్పాలి. ‘పూజ మానాను’ అంటే సరిపోదు. ‘కారణం లేకుండా ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు’ అనాలి. లెక్క గుర్తులేకపోతే ‘సుమారు’ అనండి. పాపం రకాన్నే మార్చే సంగతులుంటే చెప్పాలి: దొంగిలించింది గుడి సొమ్మా, మామూలు సొమ్మా? కథంతా అక్కర్లేదు. పక్కవాళ్ల పేర్లు అసలే వద్దు.

రాత్రి_షిఫ్ట్: పాఠం అడగలేదండీ.

తెర_వెనుక: ఎదురుగా కుర్చీ వేసి చెప్పమంటే నోరెలా పెగులుతుంది? కావాలన్నవాళ్లకు ఫాదర్‌గారికీ మనకీ మధ్య జాలీ (అడ్డు తెర) ఉన్న చోటు ఉండాలని కానన్ చట్టం 964లోనే ఉంది. ఎన్ని విచారణ గుళ్లలో (ఊళ్లలోని చర్చిల్లో) ఉంది చెప్పండి?

కోయిర్_గిటార్: జాలీ గొడవ వేరే పోస్టులో పెట్టండి. నిజంగా మర్చిపోతే అదీ క్షమలో చేరినట్టే. సత్ప్రసాదం తీసుకోవచ్చు, తర్వాతిసారి ఆ ఒక్కటీ చెప్పాలి. కావాలని దాస్తే మాత్రం చెప్పినవాటికీ క్షమ దొరకదు, దాచడమే ఇంకో ఘోర పాపం. 1551లో శ్రీసభ పెద్దల త్రెంతు మహాసభ తేల్చిన సంగతే ఇది. అప్పుడు నిన్న చెప్పిన చావైన పాపాలన్నీ మళ్లీ చెప్పాలి, ఆ తర్వాత తీసుకున్న సత్ప్రసాదాల లెక్కతో సహా.

రాత్రి_షిఫ్ట్: రెండూ కాదు. చెప్పబోయాను. వెనక పెద్ద లైను, ఈలోగా ఫాదర్‌గారు ప్రాయశ్చిత్తం చెప్పేశారు. ఊరుకున్నాను.

పాత_ఉపదేశి: ఊరుకోవడమంటే దాచడమే. పండగ రద్దీ పేరుతో సగం విని విమోచనం ఇవ్వొచ్చన్న వాదాన్ని 1679లోనే 11వ ఇన్నోసెంట్ పోపు ఖండించారు.

కోయిర్_గిటార్: అది గురువులకు (ఫాదర్లకు) చెప్పిన మాట. ఈయనకు దాచాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదే ప్రశ్న. కంగారులో మాట పడిపోవడం వేరు.

పాత_ఉపదేశి: ‘ఫాదర్, ఇంకొకటుంది’ అనడానికి రెండు క్షణాలు.

తెర_వెనుక: జాలీ ఉంటే అనేవాడే.

కోయిర్_గిటార్: ఇక్కడ తేలదు. రేపు పూజకు అరగంట ముందు వెళ్లండి, నిన్నటి ఫాదర్‌గారే కానక్కర్లేదు. మొదటి మాటగా ‘పోయినసారి ఒక చావైన పాపం చెప్పకుండా ఊరుకున్నాను’ అనండి. ఆ పాపం, ఎన్నిసార్లో చెప్పండి. మిగతావి మళ్లీ చెప్పాలో లేదో ఆయనే అడిగి తేలుస్తారు. అప్పటిదాకా సత్ప్రసాదం వద్దు.

రాత్రి_షిఫ్ట్: సరే, థాంక్స్.

పాత_ఉపదేశి: ఇచ్చిన ప్రాయశ్చిత్తం చేశారా మరి?