ఫ్లూ స్వాబ్ ఇచ్చాం, రిపోర్టు రాలేదు. ఆ శాంపిల్ ఎటు పోతుంది?

బాబు_అమ్మ:
పోయిన వారం మా బాబుకి జ్వరం, దగ్గు. ర్యాపిడ్ టెస్ట్‌లో నెగటివ్ వచ్చింది. అయినా "నిఘా కోసం" అని ముక్కులోంచి ఇంకో స్వాబ్ తీశారు. ఇంతవరకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

పీసీఆర్_బెంచ్:
కంగారు పడకండమ్మా. ర్యాపిడ్ నెగటివ్ అంటే ఫ్లూ లేదని కాదు, ఆ టెస్ట్‌కి చాలా కేసులు దొరకవు. రెండోది నిఘాకి, అంటే ఏ ఫ్లూ వైరస్‌లు తిరుగుతున్నాయో చూడటానికి, మా ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ-పీసీఆర్‌కి (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) తీసి ఉంటారు. ముందు ఏ రకమా, బీ రకమా అని చూస్తాం. ఏ అయితే అందులో హెచ్1, హెచ్3 అనే ఉపరకాల్లో ఏదో చూస్తాం. వైద్యం మాత్రం ఆ రిపోర్టు కోసం ఆగదు.

వార్డు_సిస్టర్:
నేను స్వాబ్‌లు తీసే సెంటర్‌లో పనిచేస్తాను. 38 డిగ్రీల జ్వరం, దగ్గు ఉండి, పది రోజుల్లోపు మొదలైతేనే తీస్తాం. మొదట్లో పిల్లలు ఏడుస్తారని ముక్కు అంచునే తిప్పి తీసేసేదాన్ని. వరసగా నెగటివ్‌లే! లోపలిదాకా పెట్టాలని ల్యాబ్ వాళ్లు దగ్గరుండి నేర్పారు. ఒకసారి ఐస్‌ప్యాక్‌లు కరిగిపోయి బాక్సంతా వృథా అయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, మూడు రోజుల్లోపు చేర్చాలి.

బాబు_అమ్మ:
మరి దానివల్ల ఎవరికి ఉపయోగం అండీ?

పీసీఆర్_బెంచ్:
అందరికీ. కొన్ని పాజిటివ్‌లలోని వైరస్‌ని కణాల్లో పెంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రాలకు పంపుతారు. ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో వీటిని చూసే సూచిస్తారు. బీ రకంలోని యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా ఉన్నట్టు నిర్ధారణ కాలేదని తెలిసిందీ ఇలాంటి శాంపిళ్ల వల్లే. ఏ అని తేలి, హెచ్1, హెచ్3 రెండూ కానిది వస్తే ల్యాబ్‌లో ఎవరూ కుర్చీలో కూర్చోరు. 2009 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల శాంపిళ్లు అలాగే తేలకపోతే, వెతికితే అప్పటి హెచ్1 పరీక్షకు అందని కొత్త హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) బయటపడింది.

వార్డు_సిస్టర్:
అమ్మా, స్వాబ్ తీసిన చోటికే ఫోన్ చేసి శాంపిల్ నంబరు చెప్పండి.

బాబు_అమ్మ:
చేశాను సిస్టర్. ఫారంలో జ్వరం మొదలైన తేదీ ఖాళీగా ఉందట. చెప్పాను, రాసుకున్నారు. బాబుకి జ్వరం తగ్గింది.