"ఆవేశం" అన్న మాట విద్యుత్తుకు తగినదేనా?

ప్రశ్న:
ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి భౌతికశాస్త్ర పాఠంలో "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి" (ఒకే రకం విద్యుత్ చార్జీలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి) అన్న వాక్యం చదివి, ఆవేశమంటే కోపం కదా, గాజుకడ్డీకి కోపమేమిటని అడిగింది. ఇంతకన్నా తగిన మాట మనకు లేదా?

సమాధానం:
మీ అమ్మాయి సందేహం న్యాయమైనదేనండి. అయితే కోపం ఈ మాటకు మూలార్థం కాదు. "విశ్" అంటే చొచ్చుకురావడం. ప్రవేశం, నివేశం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే. బయటిదేదో లోపలికి వచ్చి పట్టుకోవడం ఆవేశం. లష్కర్ బోనాల్లో శిగమూగేవారిని చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అమ్మవారు పూనిందని మనం అనేదాన్నే గ్రాంథికంలో ఆవేశించిందంటారు.

మొన్న డిసెంబరులో గాలి బాగా పొడిగా ఉన్న ఒక ఉదయం, నూనె రాయని తలలో ప్లాస్టిక్ దువ్వెనను పదిహేనుసార్లు ఆడించి, సన్నగా చింపిన కాగితం ముక్కల మీద పట్టాను. ముక్కలు ముందు నిటారుగా లేచి నిలబడ్డాయి, ఆ తర్వాత దువ్వెన పళ్లకు అతుక్కున్నాయి. కాసేపటికి వాటిలో ఒకటి ఎవరో విసిరినట్టు పక్కకు ఎగిరిపడింది. అతుక్కుని ఉన్నంతసేపూ దువ్వెన ఆవేశం కొంత కాగితంలోకి చేరింది, రెండూ సజాతివి అయ్యాయి, వికర్షణ మొదలైంది. చొచ్చుకురావడమనే అర్థానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానీ ఈ మాట అన్నిచోట్లా నిలవదని ఒప్పుకోవాలి. కాగితం మొదట లేచినప్పుడు దానిలోకి ఏదీ రాలేదు. దువ్వెన దగ్గరకు వచ్చేసరికి కాగితం అణువుల్లోని ధన, రుణ భాగాలు కొద్దిగా జరిగి, విజాతి భాగం దువ్వెనకు దగ్గరగా, సజాతి భాగం దూరంగా అయ్యాయి. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుమ్ 1785లో కొలిచి చూపించిన నియమం ప్రకారం, దగ్గరి ఆకర్షణదే పైచేయి అయింది. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీ సంగతి మరీ విరుద్ధం: దానినుంచి ఎలక్ట్రాన్లు వెళ్లిపోయాయి, అయినా దానికి ధనావేశం ఉందంటాం.

పోనీ అందరూ పలికే "చార్జి" అనే వాడుదామంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఫోనుకు చార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీలో నికర ఆవేశమేమీ పెరగదు. ఒక కొస నుంచి ఎంత లోపలికి పోతుందో రెండో కొస నుంచి అంతా బయటికి వస్తుంది, నిల్వ అయ్యేది శక్తి మాత్రమే. అందువల్ల ఫోనుకు చార్జింగ్‌నే ఉంచి, దువ్వెనకు ఆవేశాన్ని ఉంచడమే మేలని నా అభిప్రాయం. "ఆవేశపడిన వస్తువు" అని మాత్రం రాయవద్దు, ఆవేశపడేది మనిషి, వస్తువైతే "ఆవేశితం".

మరొకరి చేర్పు:
ఆవేశం శాస్త్రం కోసం తెచ్చుకున్న మాట గాని, ఈ గుణానికి పేరు మనకు ముందే ఉంది. రుద్దితే గడ్డిపోచలను లాక్కునే పసుపుపచ్చని శిలాజ జిగురును సంస్కృతంలో తృణమణి అన్నారు. పాతబస్తీ ఉర్దూలో దానినే కహ్రుబా అంటారు. అది ఫారసీ మాట, కాహ్ అంటే గడ్డి, రుబా అంటే లాక్కునేది. గ్రీకులు ఆ జిగురునే ఎలెక్ట్రాన్ అన్నారు, ఇంగ్లండు శాస్త్రవేత్త గిల్బర్ట్ 1600లో తన గ్రంథంలో దానినుంచే ఈ గుణానికి పేరు పెట్టాడు. అరబ్బీలో ఈనాటికీ కరెంటును కహ్రబా అనే పిలుస్తారు.