గంటకు పది నాట్లా? ఉత్త పది నాట్లా?

పడవ వేగాన్ని 'గంటకు పది నాట్లు' అని రాయొచ్చా అని అడిగారు. రాయకూడదండీ. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గంట ఆ మాటలోనే ఉంది. 'పది నాట్ల వేగం' అంటే చాలు. (వరినాట్లకీ దీనికీ సంబంధం లేదు, అది మన 'నాటు' నుంచి వచ్చింది.)

ఇంగ్లీషు 'నాట్' (knot)ని 'ముడి' అని తెలుగు చేస్తే తప్పా అన్నదానికి నా జవాబు: తప్పు కాదు, ఎందుకంటే అది నిజంగానే ముడి. పూర్వం ఓడ వెనక నుంచి ఒక చెక్కను నీళ్లలో వదిలేవారు. అంచుకు సీసం ఉండడంతో అది నిటారుగా నిలబడి, దాదాపు పడినచోటే ఉండిపోయేది. ఓడ సాగేకొద్దీ దానికి కట్టిన తాడు చుట్ట నుంచి విడుతూ పోయేది. ఆ తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. ఒకరు 28 సెకన్ల ఇసుక గడియారం తిప్పితే, ఇంకొకరు వేళ్ల సందులోంచి జారిపోతున్న ముడులు లెక్కపెట్టేవారు. ఇసుక అయిపోగానే తాడు బిగించి పట్టుకోవాలి. ఎన్ని ముడులు పోతే అన్ని నాట్లు. ఈ లెక్క నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

గమనించండి, ఆ చెక్క కొలిచింది నీటితో పోల్చిన వేగాన్ని. దాన్ని కొందరు 'నీటి వేగం' అని అనువదిస్తున్నారు. నాకు అసలు బాధ ఇక్కడే. తెలుగులో నీటి వేగం అంటే ప్రవాహం వేగమే కదా! 'నీటిలో వేగం', 'నేలతో పోల్చిన వేగం' అని విడివిడిగా రాయాలి. ఎదురు ప్రవాహం 2 నాట్లుంటే, నీటిలో 10 నాట్లతో పోతున్న పడవకు జీపీఎస్ 8 చూపిస్తుంది. రెండు అంకెలూ నిజమే.

'సగటు వేగం' కూడా ఇలాంటిదే. ప్రవాహం ప్రభావం పోవడానికి ముందే కొలిచి పెట్టిన ఒక నాటికల్ మైలు దూరం పడవను అటూ ఇటూ నడిపి చూస్తారు. పై పడవే ప్రవాహంతో పోతే 12, ఎదురీదితే 8. వాటి సగటు 10, అదే సరైన జవాబు. అలా కాక మొత్తం రెండు మైళ్లను మొత్తం పన్నెండున్నర నిమిషాలతో భాగిస్తే 9.6 వస్తుంది. అందుకని అక్కడ 'రెండు వేగాల సగటు' అనే రాయండి.