రెండు తెల్లచుక్కలు చూసి వెల్వెట్ చీమకు పేరు పెట్టేయొచ్చా?

లంకతోట: ఆత్రేయపురం దగ్గర ఏటిగట్టు ఇసుకలో దొరికింది. రెక్కల్లేవు. రొమ్ము ఎరుపు, వెనక పొట్ట నలుపు, దాని మీద పక్కపక్కనే రెండు తెల్లచుక్కలు. గ్లాసు బోర్లిస్తే లోపల కీచుమంటోంది. ట్రోగాస్పీడియా (వెల్వెట్ చీమల్లో ఒక ప్రజాతి) అని మన జిల్లా పురుగుల జాబితాలో ఎక్కిస్తున్నాను.

గోదారోడు: ఆరుద్ర పురుగేమో చూడండి.

కాలవగట్టు: ఆరుద్రకి ఎనిమిది కాళ్లండి, పాపం ఏమీ చెయ్యదు. ఇది కుడితే ప్రాణం పోయినంత పనవుతుంది.

పురుగులపంతులు: ముందు ఇది చీమే కాదు, కందిరీగల బంధువు. చీమకైతే నడుం దగ్గర బొడిపె, మోచేయిలా వంగిన మీసాలు ఉంటాయి. వెల్వెట్ చీమలన్నీ చేరే ముటిల్లిడే కుటుంబం అని రాసి ఆపండి. ఆ రెండు చుక్కలు వేరే ప్రజాతుల్లోనూ ఉన్నాయి. తల ఆకారం, రొమ్ము ఆకారం, పొట్ట రెండో ఖండం పక్కన ఉండే సన్నటి నూగు గీత చూడాలి. పైగా మగవాటికి రెక్కలుంటాయి, ఆడవాటితో పోలికే ఉండదు. అందుకే ఒకే జాతిలో మగదానికో పేరు, ఆడదానికో పేరు పెట్టిన సందర్భాలున్నాయి. మన దేశపు కందిరీగల మీద బింగ్‌హామ్ 1897లో రాసిన పుస్తకం పట్టుకుని ఫోటోకి పేరు పెడితే ఎలా?

లంకతోట: నేను చుక్కలంటే మీరు గీతలంటారు. చుక్కలు రెండా కాదా?

పురుగులపంతులు: రెండే. అయితే ఏంటి?

లంకతోట: ఏంటంటే, పోయినేడు నా తూనీగకీ ఇలాగే అడ్డుపడ్డారు. మీరు ఒప్పుకుంటే తప్ప ఈ జిల్లాలో పురుగుకి పేరుండకూడదా?

పురుగులపంతులు: పట్టి స్పిరిట్‌లో వేసి పంపండి, మైక్రోస్కోపు కింద చూసి చెబుతా.

లంకతోట: అదీ సంగతి! పేరు కోసం చంపాలన్నమాట. దాన్ని అప్పుడే వదిలేశాను. ఇదివరకు ఒక కాలేజీకి డబ్బాడు పురుగులిచ్చాను. చీమలు పట్టి పొడైపోయాయట, ఏడాది తర్వాత చెప్పారు.

పురుగులపంతులు: ఆ కాలేజీ నాది కాదు. ఇది నేలలో గూళ్లు కట్టే తేనెటీగల, కందిరీగల పిల్లల మీద బతికే పురుగు. లంకల్లో ఇసుక తవ్వేస్తే ఆ గూళ్లు పోతాయి, వాటితోపాటు ఇదీ పోతుంది. ఇక్కడ ఉండేదని రేపు ఎవరైనా రుజువడిగితే మీ మసక ఫోటో చూపిస్తారా?

లంకతోట: ఇసుక లారీలకి లేని అడ్డు నాకొచ్చింది!

కాలవగట్టు: జతకట్టినప్పుడు ఫోటో తీస్తే మగా ఆడా ఒకే జాతని తేలిపోతుంది కదండీ. చంపక్కర్లేదు.

పురుగులపంతులు: జత తేలుతుంది, పేరు తేలదు.

లంకతోట: ట్రోగాస్పీడియా అనే ఎక్కించాను. ప్రశ్నార్థకం కావాలంటే మీరు పెట్టుకోండి.

పురుగులపంతులు: పెట్టేశాను.