అప్‌డేట్: షాపు సిస్టమ్‌కి ఎఫ్ లేని ఐ3-12100 ప్రాసెసర్ తీసుకున్నా

మొన్న అడిగింది ఇదీ: తిరుపతిలో డీటీపీ, దర్శనం టికెట్ల బుకింగ్ చేసే షాపుకి సెకండ్‌హ్యాండ్ ఐ7-4770 మేలా, ఐ3-12100ఎఫ్ మేలా, రైజెన్ 5 5600జీ మేలా అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి 12100 ఫిక్స్ చేశాను, ఎఫ్ లేనిది.

ఐ7 అన్న పేరు చూసి పడిపోనక్కర్లేదు. 4770 నాలుగో తరం, 2013 నాటిది. 12100 పన్నెండో తరం, 2022ది. రెండింటికీ 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు) గానీ కొత్తదాని ఒక్కో కోరు చాలా స్పీడు. పైగా 4770కి విండోస్ 11 అధికారిక సపోర్ట్ లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

ఎఫ్ దగ్గర మాత్రం జాగ్రత్త. కొటేషన్‌లో ఆ ఒక్క అక్షరం ఎగిరిపోతుంటుంది, పెట్టె మీద చూడండి. ఎఫ్ ఉంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ (స్క్రీన్‌కి బొమ్మ పంపే భాగం) ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. రైజెన్ 5 5500దీ అదే కథ.

వీడియో ఎడిటింగ్ ఉన్నవాళ్లకు 5600జీనే మేలు: 6 కోర్లు, 12 థ్రెడ్లు. కాకపోతే 16 జీబీ ర్యామ్‌ని ఒకే స్టిక్‌గా వేస్తే దాని గ్రాఫిక్స్ నీరసపడుతుంది, రెండు 8లు వేయాలి. పాత బీ450 బోర్డయితే ముందు బయోస్ (బోర్డులోనే ఉండే స్టార్టప్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించాలి, లేకుంటే డిస్‌ప్లేనే రాదు.

12100కి హెచ్610 బోర్డు చాలు. వాటిలో డీడీఆర్4 ర్యామ్ పట్టేవి, డీడీఆర్5 ర్యామ్ పట్టేవి వేర్వేరు. ర్యామ్ మీద గాడి ఉండే చోటే వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు.